బి.ఏ. సిస్టరు

మా కర్నూలులో పిల్లలు రెండు రకాలు. ఒకటి బైపీసీ, రెండోది ఎంపీసీ. మూడో రకం కూడా భూమ్మీద పుడుతుందని ఈ ఊరికి ఎవరూ చెప్పినట్టు లేదు. బస్టాండు దగ్గర దిగి ఎటు తల తిప్పినా ర్యాంకుల ఫ్లెక్సీలే. వాటి నిండా తపాలా బిళ్ళలంత మొహాలు, మొహాల కింద అంకెలు. ఆ పిల్లల్లో ఒక్కడు నవ్వుతుండగా నేనింతవరకూ చూడలేదు. ఆ రెండు రకాల్లోనూ చేరని మేమిద్దరం, నేనూ మహేశ్వరీ, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బి.ఏ. చదివాం. నేనిప్పుడు ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతున్నాను. అంటే నా పీరియడును లెక్కల మాస్టారు తీసుకుంటూ ఉంటే స్టాఫ్ రూములో కూర్చుని కరెక్షన్లు చేసుకుంటున్నాను. మహేశ్వరి మాత్రం నర్సయింది. బి.ఏ. చదివి నర్సయిన ఘనకార్యం గురించే ఈ నాలుగు మాటలు.

మహేశ్వరిది ఆలూరు పక్కన ఒక పల్లె. అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్ళు. పదో తరగతి తర్వాత ఏం చదవాలో చెప్పే దిక్కు ఇంట్లో లేదు, ఊళ్ళో అంతకన్నా లేదు. ఆలూరు కాలేజీలో ఏ గ్రూపులో బెంచీలు ఖాళీగా ఉంటే దాంట్లో కూర్చోబెట్టారు. అలా ఆర్ట్స్‌లో పడింది. దానికి చదువంటే ఇష్టమా అని ఎవరూ అడగలేదు గానీ, దాని అదృష్టం కొద్దీ ఇష్టమే. ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తే మంచిది. అది నా స్నేహితురాలే అయినా దాని నోరు మంచిది కాదు. ఎదుటివాడు మాట పూర్తి చేసేలోపు వాడెంత తెలివితక్కువవాడో తేల్చి పారేస్తుంది. చాలాసార్లు నిజమే తేలుస్తుంది, అదే ఇంకా చిరాకు.

డిగ్రీ రోజుల్లో మేము పెద్దసుబ్బయ్యశెట్టి గారి మేడ మీద గదిలో అద్దెకుండేవాళ్ళం. కింద ఆయన కందిపప్పు, శనగపప్పు అంగడి. మా గదికి ఎదురుగా ఇంకో గది. దాంట్లో ఆయన కొడుకు కిరణ్‌కుమార్ డాక్టరు సీటు కోసం లాంగ్‌టర్మ్ చదివేవాడు. చదివేవాడు అనడం కంటే ఆ గదిలో వాడిని మాగబెట్టారు అంటే సరిపోతుంది. మెట్ల మీద చెప్పులతో నడవకూడదు. ట్యాపు గట్టిగా తిప్పకూడదు. వాళ్ళమ్మ కంచంలో అన్నం కలిపి తలుపు సందులోంచి అందించి, దొంగలా అడుగులో అడుగు వేసుకుంటూ దిగిపోయేది. ఇంటరులో మార్కులు బాగా పడతాయని తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకున్నాడట ఆ అబ్బాయి. సంస్కృతం వచ్చిందా అంటే అదీ లేదు. ఒకసారి ఇంటికి శుభలేఖ వస్తే ముహూర్తం ఎన్నింటికో చదివి చెప్పమని మా గది తలుపు కొట్టాడు. కర్నూలులో పుట్టి, కర్నూలులో పెరిగి, తెలుగులో అచ్చేసిన శుభలేఖను చదివించుకోవడానికి వచ్చిన ఆ పిల్లవాడిని చూసి మహేశ్వరి రెండు రోజులు నవ్వింది.

పెద్దసుబ్బయ్య గారికి మేమంటే జాలి. జాలి ముసుగేసుకున్న చులకన అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. అద్దె కట్టడానికి దిగినప్పుడల్లా ఆయన ఒకే మాట అనేవాడు.

“ఏమ్మా, ఏ రాజు ఎప్పుడు సచ్చినాడో నేర్చుకుని ఏం జేస్తారమ్మా మీరు? మా వాడు చూడు, సావబోయేటోన్ని బతికించేకి చదువుతాండాడు.”

మహేశ్వరి ఆయన ముందు ఏమీ అనేది కాదు, గది దొరకడం కష్టం కాబట్టి. మెట్లెక్కాక అనేది. అది ఇక్కడ రాయడానికి వీల్లేదు.

మాకు చరిత్ర చెప్పింది రంగనాథ్ సారు. నోట్సు చెప్పడు, ముఖ్యమైన ప్రశ్నలు ఇవ్వడు. కాబట్టి కాలేజీలో ఆయనంటే ఎవరికీ గౌరవం లేదు. ఆయనకొక పిచ్చి ఉండేది. ఏ శాసనం గురించి చెప్పినా, ఏ పాత ఫొటో చూపించినా, చివర్లో చేతులు వెనక్కి కట్టుకుని అడిగేవాడు: “అందరూ ఉండారు సరే. లేనోళ్ళు ఎవరు?” ఒక వేసవిలో మమ్మల్ని పత్తికొండ మీదుగా ఎర్రగుడి బండల దగ్గరికి తీసుకుపోయాడు. అశోకుడు చెక్కించిన రాతలు అక్కడున్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం చేయించాననీ, మందు చెట్లు నాటించాననీ రాజు అందులో చెప్పుకున్నాడని వివరించాడు. మాకు నాలుక పిడచకట్టుకుపోతుంటే, ఆయన బండ మీద చెయ్యి వేసి మళ్ళీ మొదలుపెట్టాడు. మందు నాటించినోడు ఉండాడు, చెక్కినోడు ఉండాడు, మందు తాగినోడు యాడ ఉండాడని. తిరుగు బస్సులో అమ్మాయిలందరం ఆయన్ని అనుకరిస్తూనే ఉన్నాం. కండక్టరు టికెట్లు కొడుతుంటే, సీట్లు లెక్కపెడుతుంటే, “లేనోళ్ళు ఎవరు?” అంటూ చేతులు వెనక్కి కట్టడం. తర్వాత కూడా మాకది వాడుక మాట అయిపోయింది. మెస్సులో చారులో కందిపప్పు కనిపించకపోయినా అదే మాట.

బి.ఏ. అయ్యాక ఉద్యోగం ఏదీ మహేశ్వరి మొహం చూడలేదు. జి.ఎన్.ఎం. నర్సింగులో ఆర్ట్స్ వాళ్ళకు కూడా సీటిస్తారని ఎవరో చెబితే వెళ్ళి చేరింది. నర్సు పనికి చరిత్ర ఏమన్నా ఉపయోగపడుతుందా సార్ అని పోయే ముందు రంగనాథ్ సారును అడిగింది. నాకేం తెలుసమ్మా, నేనెప్పుడూ ఆస్పత్రిలో పనిచేయలేదు గదా అన్నాడట. ఆ ఊళ్ళో అప్పటికి నేను విన్న ఒకే ఒక నిజాయితీ గల మాట అది.

ఇక నవ్వినవాళ్ళను లెక్కపెట్టడం అనవసరం. మూడేళ్ళు డిగ్రీ చదివి మలమూత్రాలు ఎత్తడానికి పోతోందని బంధువులు నవ్వారు. ప్లీహం ఎటు వైపుంటుందో తెలీని మొహం అని నర్సింగు స్కూల్లో బైపీసీ పిల్లలు నవ్వారు. మొదటి సంవత్సరంలో వాళ్ళకు సోషియాలజీ అని ఒక పేపరుంటుంది. దాన్ని గైడు చూసి బట్టీపట్టి, పరీక్ష అయిన సాయంత్రమే మరిచిపోవడం అక్కడి ఆచారం. మహేశ్వరి ఒక్కతే దాన్ని చదివింది. చదివి ఊరుకుందా, మిగతావాళ్ళు చదవలేదని అందరి మొహాన అంది. అలా వచ్చింది దానికి బి.ఏ. సిస్టరు అనే పేరు. ఎగతాళికి పెట్టిన పేరును అది బిరుదులా మోసింది. కర్నూలులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేరాక కూడా ఆ పేరు దాని వెంటే వచ్చింది. మనుషుల సంగతి తెలియాలంటే మనుషుల చదువు చదవాలి, కప్పలు కోస్తే రాదు అని డ్యూటీ డాక్టర్లకు కూడా పాఠం చెప్పేది. వాళ్ళు చెవుల్లో స్టెతస్కోపు పెట్టుకుని తప్పించుకునేవాళ్ళు.

కొన్నేళ్ళకు అదే ఆస్పత్రికి కిరణ్‌కుమార్ వచ్చాడు. మాగబెట్టగా పెట్టగా సీటొచ్చింది, ఆ తర్వాత సర్జరీ కూడా చదివాడు. పని చెడ్డది కాదట, చెయ్యి శుభ్రం అంటుంది మహేశ్వరి. కానీ రోగితో మాట్లాడేటప్పుడు ఇంకా ఆ గదిలోనే ఉన్నట్టు, తలుపు సందులోంచి మాట్లాడతాడు.

ఈరక్క ఆ ఆస్పత్రికి వచ్చింది మొన్న ఎండలు ముదిరే వేళ. ఆలూరు పక్క పల్లె మనిషి. షుగరుంది. చేలో పాదానికి తుమ్మముల్లు గుచ్చుకుంటే ఆకుపసరు కట్టుకుని పనికి పోయింది. పాదం నల్లబడి, వాసన పట్టాక భర్త సుంకప్ప, కొడుకూ కోడలూ కలిసి తీసుకొచ్చారు. కిరణ్‌కుమార్ చూసి, మోకాలి కింద తీసేయాలి, ఆలస్యమైతే విషం పైకి పాకుతుంది, మనిషి దక్కదు అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. సుంకప్ప చేతులు కట్టుకుని అంతా విని, “అట్లే సార్” అన్నాడు. ఆపరేషనుకు ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర మాత్రం వేయలేదు.

డాక్టరు ఫోనులో ఫొటోలు చూపించాడు. నూటికి ఇంతమంది అని అంకెలు చెప్పాడు. సుంకప్ప అట్లే సార్ అన్నాడు. దుడ్ల గురించి వెనకాడుతున్నాడేమోనని, ప్రభుత్వ కార్డు మీద అంతా ఉచితమేనని మేనేజరొచ్చి చెప్పాడు. దానికీ అట్లే. మరుసటి రోజు పొద్దున కూడా అదే వరస. వేలిముద్ర లేదు, కాదన్న మాట లేదు, ఇంటికి తీసుకుపోతామన్న మాటా లేదు. నలుపు చీలమండ దాటింది. కిరణ్‌కుమార్ విసిగిపోయి మహేశ్వరితో, సిస్టర్, మీ వాళ్ళే కదా, మీరే చెప్పండి అన్నాడు.

‘మీ వాళ్ళు’ అన్న ముక్క దానికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. తెల్లకోటు వేసుకున్నాక ఆ పల్లె తనది కాదనుకుంది కాబోలు. ఆ కోపమంతా తీసుకుపోయి సుంకప్ప మీద కుమ్మరించింది.

“ఏమప్పా, నీకు పెండ్లాం కావాల్నా, కుళ్ళిన కాలు కావాల్నా? మనుషులేనా మీరు? దయ్యం, దేవుడు అని ఈడ కూచుంటే ఆమె సచ్చిపోతాది.”

దయ్యం మాట సుంకప్ప ఎత్తనే లేదు. ఆయన తల దించుకుని, అట్లే సిస్టరమ్మా అన్నాడు. కొడుకు గోడవైపు తిరిగాడు. ఇక ఆస్పత్రిలో అందరికీ ఒక నిర్ణయానికి రావడం తేలికైపోయింది. పల్లెటూరి మొండితనం, మూఢత్వం, చదువు లేకపోవడం. మన ఊళ్ళో ఏదన్నా అర్థం కాకపోతే పెట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న పేర్లే ఇవి. బి.ఏ. సిస్టరు కూడా వాటిలోంచే ఒకటి తీసుకుంది.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి, ఆస్పత్రి ముందు ఆటోల మోతలో నిలబడి నాకు ఫోను చేసింది. పలకరింపు లేదు, తిట్లతోనే మొదలు. డాక్టరును తిట్టింది, మేనేజరును తిట్టింది, ఎక్కువ వాటా సుంకప్పకు పెట్టింది. “మొగుడుండాడు, కొడుకుండాడు, కోడలుండాది. అందరూ మంచం సుట్టూ నిలబడి సూస్తాండారు. ఒక్కరన్నా నోరు తెరవరే, ఏం మనుషులే వీళ్ళు!” అంది. నేను అప్పటికి పిల్లల సమాధాన పత్రాలు దిద్ది దిద్ది విసుగెత్తి ఉన్నాను. దాని వాగ్ధోరణి ఆపడానికి, పాత బస్సు అలవాటు కొద్దీ, రంగనాథ్ సారు గొంతు పెట్టి అన్నాను: “అందరూ ఉండారు సరే. లేనోళ్ళు ఎవరు?”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.  ఫోను పెట్టేసింది.

అక్కడినుంచే మళ్ళీ వార్డుకు వెళ్ళిందట. ఈరక్క మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, కాలు సంగతి ఎత్తకుండా, మీ పుట్టిల్లు యాడక్కా అని అడిగింది. వచ్చినప్పటినుంచీ నొప్పికి కూడా ఏడవని ఈరక్క ఆ మాటకు ఏడ్చింది. అన్న ఉన్నాడు, పేరు అయ్యన్న. రెండూళ్ళ అవతలే. కొడుకు పెళ్ళిలో మేనమామకు ముందు పెట్టాల్సిన బట్టలు వేరెవరికో ముందు పెట్టారట. అయ్యన్న తినకుండా లేచిపోయాడు. అప్పటినుంచి బావ, బావమరిది మధ్య మాటల్లేవు. ఆ ఊళ్ళలో అత్తింటికిచ్చిన ఆడపిల్ల ఒంటి మీద కత్తి పెట్టాలంటే పుట్టింటివాళ్ళు వచ్చి చూడాలి. చూడకుండా చేయించి, జరగరానిది జరిగితే, మా పిల్లను కోసి చంపారంటారు. వాళ్ళొచ్చేదాకా శవాన్ని కూడా లేపరు. అయ్యన్నను పిలిస్తే సుంకప్ప తల వంచినట్టు. పిలవకుండా వేలిముద్ర వేస్తే పెళ్ళాం ప్రాణానికి ఒక్కడే పూచీపడినట్టు. ఈ రెంటి మధ్య ఆ మనిషి అట్లే సార్, అట్లే సార్ అంటూ నలుగుతున్నాడు. ఇంటి పరువు సంగతి ఫొటోలు చూపించే డాక్టరుకు ఎలా చెబుతాడు? తిట్టే సిస్టరుకు అసలే చెప్పడు.

మహేశ్వరి ఈరక్క కొడుకు దగ్గర అయ్యన్న నంబరు తీసుకుని, వరండాలో నిలబడి తానే ఫోను చేసింది. అయ్యన్న మరుసటి పొద్దున మొదటి బస్సుకు దిగాడు. భుజాన తువాలు, మొహం నిండా దుమ్ము. సుంకప్ప వైపు చూడలేదు. నేరుగా చెల్లెలి దగ్గరికి పోయి దుప్పటి తొలగించి పాదం చూశాడు. కిరణ్‌కుమార్ రౌండ్సుకొచ్చి, ఈయనెవరు, ఇంతమందిని లోపలికి ఎవరు పంపించారు అని విసుక్కున్నాడు.  అయ్యన్న దుప్పటి మళ్ళీ కప్పాడు.

“కోసేయండి సార్. మా చెల్లెలు ఇంటికి రావాల.”

తర్వాత తిరిగి సుంకప్ప మొహంలోకి చూశాడు. పెళ్ళి పందిట్లోంచి లేచిపోయాక మొదటిసారి.

“బావా, ఏలు పెట్టు.”

సుంకప్ప పెట్టాడు. కానీ అప్పటికి నలుపు పిక్క మీదికొచ్చేసింది. మోకాలి కింద తీయాల్సింది మోకాలి పైన తీశారు. ఈరక్క బతికింది.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు నోరు చేదవుతుంది. ఒక నర్సింగు కాలేజీవాళ్ళు ‘వైద్యవృత్తిలో మానవీయ శాస్త్రాల పాత్ర’ అని సదస్సు పెట్టారు. ఇలాంటి సదస్సొకటి జరిగినట్టు ఫొటోలుంటే తనిఖీకి వచ్చేవాళ్ళు సంతోషిస్తారట. మహేశ్వరి పిలిస్తే నేనూ వెళ్ళాను. ముఖ్యవక్త కిరణ్‌కుమార్. శాలువా కప్పారు. రోగి కుటుంబంతో మేము నిరంతరం సంభాషిస్తూ, వారి సామాజిక నేపథ్యాన్ని అర్థం చేసుకుని అంటూ ఈరక్క కథ చెప్పాడు. అయ్యన్న పేరు రాలేదు, ఆ విసుగు రాలేదు. తెలుగు ప్రసంగాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చదివాడు. ముందు వరసలో పెద్దసుబ్బయ్య గారు. నన్ను గుర్తుపట్టి, “సూడమ్మా, మా వాడు మనుషుల గురించి గూడా ఎంత సదివినాడో” అన్నాడు. ఏ రాజు ఎప్పుడు చచ్చాడో నేర్చుకున్నవాళ్ళం కదా, ఊరుకున్నాను. పూలగుత్తి తెచ్చి అందించే పని మహేశ్వరికి ఇచ్చారు.

అది మాత్రం తక్కువ తినిందా? స్టేజీ దిగిన దగ్గరనుంచీ వార్డులో, క్యాంటీనులో, ఆటోలో ఒకటే కథ. ఎర్రగుడి బండ, రంగనాథ్ సారు, తన ప్రశ్న. మీరూ బి.ఏ. చదివింటే తెలిసేది అని జూనియర్ నర్సులను చంపుకు తినింది. ఆ ప్రశ్న ఎగతాళిగా నా నోట్లోంచి ఊడిపడిందన్న సంగతి కథలోంచి జారిపోయింది. ఆ కథలో లేనిదాన్ని నేనే కాబట్టి ఆ సారు ప్రశ్నకు జవాబు నాకు సులువుగానే దొరికింది.

పోయిన నెల దాన్ని కలవడానికి ఆస్పత్రికి వెళ్ళాను. అదే రోజు ఈరక్క కృత్రిమ కాలు కొలతకు వచ్చింది. చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది, ఒక పక్క సుంకప్ప, ఇంకో పక్క అయ్యన్న. మహేశ్వరి నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయి, నేను చెప్పిన ఈరక్క ఈమెనే అని చూపించింది, తానే కని పెంచినట్టు. ఈరక్క సంతోషంగా దాని చేతులు పట్టుకుంది. నువ్వు ఎవరి పిల్లవమ్మా, ఏ ఊరని అడిగింది. మంచాన పడి ఉన్నప్పుడు అడిగే ఓపిక లేకపోయిందంది. మహేశ్వరి ఊరి పేరూ, నాన్న పేరూ చెప్పింది. ఈరక్క పట్టుకున్న చేతులు వదలకుండానే కాసేపు దాని మొహం చూసింది.

“అయితే మా పక్కూరి పిల్లవే గదమ్మా. ఆ డాక్టరయ్యకైతే తెలీదు. నీకు మా రీతి అంతా తెల్సు గదా. మేము వచ్చిన పొద్దే, మీ అన్నకు చెప్పినారా అని ఏంటికి అడగకపోతివి?”

కోపంగా అనలేదు. తెలుసుకుందామని అడిగింది, అంతే. అడుగుతూ, చీర కింద మోకాలు ఉండాల్సిన చోట అరచేత్తో నిమురుకుంటోంది.

  పెద్దసుబ్బయ్యకు మెట్ల మీద, డాక్టర్లకు మొహాన, నాకు ఫోనులో జవాబులిచ్చిన మహేశ్వరి, ఈరక్క చేతుల్లోంచి తన చేతులు మెల్లగా విడిపించుకుంది. వంగి, కుర్చీ చక్రానికి తగులుతున్న చీర కుచ్చిళ్ళను పైకి సర్దింది. తర్వాత కుర్చీ వెనక్కి పోయి, ఎవరి మొహమూ చూడకుండా, దాన్ని లిఫ్టు వైపు తోసుకుంటూ పోయింది.